మా కుక్క తిన్నది విత్తనాలు కాదు

నా చిన్నప్పుడు మా కుక్క చావు దాకా పోయి బతికింది. పక్కింటి అక్క ఆరబోసిన మందు విత్తనాలు తినే అలా అయిందని వేంపల్లెలో మా వీధివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. అది నిజం కాదు. దాచి దాచి అలసిపోయాను, అందుకే రాస్తున్నాను.

మా చిన్నాన్న కువైట్ నుంచి నల్ల చాక్లెట్ల డబ్బా తెచ్చాడు. చుట్టాలకు పంచాలని అమ్మ బీరువాలో పెట్టింది. ఒక పొద్దున నేను దాన్ని దొంగిలించి కొట్టంలో గడ్డి కింద దాచాను. నాలుగు తిని, నీళ్ళు తాగొచ్చేసరికి మిగిలినవన్నీ కుక్క తినేసింది. కాగితాలు ఏరి జేబులో దోపుకున్నాను.

మధ్యాహ్నానికి అది కక్కుతూ, రొప్పుతూ, వణికిపోతోంది. విత్తనం వేసే రోజులవి. వేరుశనగ గింజలకు పురుగు పట్టకుండా మందు కలిపి నీడన ఆరబోస్తారు. అక్క వాకిట్లో గోనెపట్ట కింద ఆ గింజలు కనబడగానే అందరికీ కారణం దొరికిపోయింది.

"కుక్కలు తిరిగే తావులో ఇసం ఆరబోస్తావా? బుద్ధుండాదా నీకు?" అని నాన్న ఆమె మీద విరుచుకుపడ్డాడు.

"గోనెపట్ట కప్పినానన్నా, ఒక్క గింజ కూడా కదల్లేదు" అని అక్క ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. ఎవరో కుక్క గొంతులో చింతపండు పులుసు పోశారు. నేను జేబులో కాగితాలను ఇంకా లోపలికి నొక్కుకున్నాను.

నాన్న దాన్ని భుజాన వేసుకుని పశువుల ఆసుపత్రికి నడిచాడు. అక్కా నేనూ వెనకే వెళ్ళాం. నాన్న సెలైను కొనడానికి బయటికి వెళ్ళాడు. డాక్టరు పురుగుమందుకు విరుగుడు సూది సిద్ధం చేస్తున్నాడు. అప్పుడు అక్క నా జేబులోంచి తొంగి చూస్తున్న మెరుపు కాగితాన్ని లాగి, "ఎప్పుడు, ఎన్ని తినిందిరా?" అని చెవిలో అడిగింది. చెప్పాను.

"సార్, ఈ చాక్లెట్లు తినింది. పొద్దున. ఇరవై దాకా. వీళ్ళ నాయనకు మాత్రం మీరు చెప్పొద్దు సార్, వీడే చెప్తాడు."

డాక్టరు సూది కింద పెట్టాడు. "మంచిపని చేసినావమ్మా. చాక్లెట్టు కుక్కలకు ఇసం, గుండె అదరగొడుతుంది. ఈ సూది ఏసింటే ఇంకా అదిరిపోయేది. ఏం తినింది, ఎంత తినింది, అది చెప్పల్ల గానీ పులుసు పోస్తారా ఎవరన్నా!"

రెండు రోజులకు కుక్క లేచి గంజి తాగింది.

ఆ రోజు ఆసుపత్రి నుంచి తిరిగొచ్చే దారిలో, నాన్నకు వినబడకుండా, "నేను చెప్పనులేరా. నువ్వే చెప్పు" అంది అక్క. ఇంటి ముందర నాన్న మళ్ళీ, "ఇంకోసారి గింజలు బయట పోయొద్దు" అని గద్దించాడు. ఆమె నా వైపు చూసింది. కాసేపు ఆగింది. తర్వాత "సరేన్నా" అని లోపలికి వెళ్ళిపోయింది.

నేను రాసిన ఈ కాగితాన్ని ముందుగా మా నాన్నకే చదివి వినిపిస్తాను. చాక్లెట్లు దొంగిలించినందుకు నన్ను నేను ఎప్పుడో క్షమించుకున్నాను. ఆమె ఆగిన ఆ కాసేపూ తల వంచుకుని నిలబడినందుకు మాత్రం ఇంకా క్షమించుకోలేదు.