మామిడి తొక్కల పొడి

నాకు షుగర్ వచ్చి పదకొండేళ్లు. అంతకు చాలా ముందునుంచీ ఉన్న జబ్బు నోరు. 'నాకు తెలియదు' అన్న మాట ఆ నోట ఎన్నడూ రాలేదు. అమెరికాలో, హెర్న్‌డన్‌లోని మా ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకు దిగిన కరీంనగర్ అమ్మాయి పుణ్యమా అని ఈ రెండో జబ్బు కాస్త నెమ్మదించింది.

ఆ అమ్మాయి యూనివర్సిటీలో ఫుడ్ సైన్స్ చదువుతోంది. జ్యూస్ ఫ్యాక్టరీల్లో పారేసే మామిడి తొక్కలను ఎండబెట్టి, సారం తీసి, పరీక్షలు చేయడం ఆమె పని. ఒక శనివారం మా ఆవిడ వేసిన పెసరట్టు తింటూ చెప్పింది.

"అంకుల్, మనం తిన్న అన్నాన్ని షుగర్‌గ బ్రేక్ చేసే ఎంజైమ్ ఉంటది కదా. ఈ సారం కలిపితే అది స్లో అయితుంది. తొక్కల ఫైబర్ గూడ మస్తుగుంటది. కానీ ఇదంతా టెస్ట్‌ట్యూబ్‌లనే."

ఆఖరి మాట నా చెవికెక్కలేదు. బీరకాయ చెక్కును కూడా వదలకుండా పచ్చడి చేసుకునే వంశం మాది. తొక్కలో మందుందని అంత చదివిన పిల్ల చెబితే ఆగుతానా? ఇండియన్ స్టోర్‌లో నాలుగు పెట్టెల మామిడిపళ్లు కొన్నాను. పళ్లు ఇరుగుపొరుగుకు పంచి, తొక్కలు డెక్ మీద ఎండబెట్టాను. ఎండుమిర్చి, వెల్లుల్లి, జీలకర్ర వేసి శుభ్రంగా కారప్పొడి కొట్టాను.

అద్భుతంగా కుదిరింది. కొంప మునిగింది కూడా అక్కడే. వేడన్నంలో ఆ పొడీ నెయ్యీ కలుపుకున్నాక రెండు ముద్దలతో లేచే మనిషెవడు? రోజూ తినేదానికి రెండింతలు లాగించాను. ఎలాగూ మందే తింటున్నాను కదా అని మాత్రలు మానేశాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఈసారి మూణ్నెల్ల షుగర్ సగటు చూపే ఎ1సి టెస్టులో తొమ్మిది దాటితే ఇన్సులిన్ తప్పదని డాక్టరమ్మ అంతకుముందే హెచ్చరించింది. సూదంటే నాకు చచ్చేంత భయం.

పది దాటింది.

రిపోర్ట్ వచ్చిన సాయంత్రం మా ఆవిడ మాత్రల సీసా తీసి, అది నిండుగా ఉండటం చూసి నన్ను దులిపేసింది. ఆ కేకలకు ఆ అమ్మాయి పైకొచ్చి, సంగతి విని మెట్ల మీదే కూలబడింది. "టెస్ట్‌ట్యూబ్ అని చెప్పిన కదా అంకుల్," అంది మెల్లగా. "అపాయింట్‌మెంట్‌కి నేనే డ్రైవ్ చేస్త," అంది.

మా ఆవిడా ఆ అమ్మాయీ చెరోపక్కా ఉండగా డాక్టరమ్మ ముందు కూర్చోగానే నా బుద్ధి పోనిచ్చుకున్నాను కాదు. ఈ అమ్మాయి తొక్కల మీద రీసెర్చ్ చేస్తోంది, షుగర్‌కి పని చేస్తాయని చెప్పింది అన్నాను. డాక్టరమ్మ ఆమె వైపు తిరిగి, నిజంగా పని చేస్తాయా అని అడిగింది.

"టెస్ట్‌ట్యూబ్‌లో బాగా పని చేస్తాయి. మనిషిలో సంగతి నాకు తెలియదు," అంది ఆ అమ్మాయి.

రెండేళ్లు ఆ తొక్కల మధ్యే బతికిన పిల్ల. నెలలో థీసిస్ ఇవ్వాలి. గొప్ప చెప్పుకునే అవకాశం ఎదురొచ్చినా చెప్పుకోలేదు, తప్పు తన మీదకు తోసిన నన్ను ఒక్క మాటా అనలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. అంతటి నిజాయితీ నా వయసు వాళ్లలోనూ నేను చూడలేదు. "తప్పు నాదే. మాత్రలు నా అంతట నేనే మానేశాను," అన్నాను. మా ఆవిడ నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూసింది.

మాత్రలతో పాటు ఇన్సులిన్ కూడా మొదలైంది. ఇంటికొచ్చాక ఆ అమ్మాయి పక్కనే కూర్చుని, నర్సు చూపించినట్టే సూది పట్టించింది. కళ్లు మూసుకుని పొడుచుకున్నాను.

"నా పని మనుషుల దాకా రావాలంటే ఇంకో పదేండ్లన్న పడతది అంకుల్," అంది. "అప్పటిదాక మీరు ఉండాలె."

ఉంటానమ్మా అన్నాను.