నా గురించి మంచి చెప్పమన్న మనిషి

మొన్న తొలి మంచు పడిన రోజు మా అత్తయ్య అల్మరా తెరిచి కోట్లన్నీ సోఫా మీద పరిచింది. విజయవాడ నుంచి వస్తూ తెచ్చుకున్న కలరా ఉండల్ని నాకు తెలియకుండా వాటి జేబుల్లో వేసి ఉంచిందట. "పురుగు పట్టదమ్మా" అంది. ఇల్లంతా అదే వాసన. మా ఆయన వినయ్ తుమ్ముకుంటూ కిటికీలు తెరుస్తుంటే, నేను ఒక కోటు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మా నోవై ఊళ్ళో చలికోటు నుంచి కలరా ఉండల వాసన వచ్చే మనిషి నాకు తెలిసి ఒక్కరే. సలోమి ఆంటీ. ఆమె గురించి ఈ ఇంట్లో నేనెప్పుడూ మాట్లాడలేదు. ఆమె గురించి చెప్పాలంటే ముందు నా గురించి చెప్పాలి మరి.

ఆంటీది నరసాపురం. మా తెలుగు చర్చిలో ఆదివారాలు పిల్లలకి వాక్యం చెప్పేది. మనిషి పొట్టి, గొంతు పెద్దది. పాట శ్రుతి తప్పితే "ఎవర్రా అది, గొంతులో కప్ప దూరిందా?" అని అందరి ముందూ అడిగేసేది. ఆమెకి భయపడని పిల్లల్లేరు, ఆమె తెచ్చే సున్నుండల కోసం ఎగబడని పిల్లలూ లేరు. భర్త ఎప్పుడో పోయాడు. కొడుకు జోయెల్ ఫ్రిస్కోలో ఉద్యోగం చేస్తున్నాడని, చిన్నప్పుడు బోర్డింగ్ స్కూల్లో చదివాడని చెప్పేది. తను నర్సు. ఎక్కడ చేస్తారని అడిగితే "కౌంటీ ఉద్యోగం, ఇక్కడి జిల్లా సర్కారుది" అని మాట మార్చేసేది. నేను పదో తరగతి చదువుతున్న చలికాలంలో ఆ కౌంటీ ఉద్యోగం ఎక్కడో నాకు తెలిసింది.

అవి కార్ల కంపెనీలు మనుషుల్ని ఇళ్ళకి పంపించేస్తున్న రోజులు. నాన్న ఇంజనీరు. గ్రీన్ కార్డ్ ఇంకా ప్రాసెస్‌లోనే ఉంది, ఉద్యోగం పోతే అదీ పోతుంది. ఇంట్లో ఎవరూ గట్టిగా దగ్గేవారు కాదు. దానికీ నేను చేసినదానికీ సంబంధం ఉందని చెప్పుకుంటే నాకు సుఖంగానే ఉంటుంది కానీ, లేదు. ఇద్దరు స్నేహితురాళ్ళతో మాల్‌కి వెళ్ళి, ఒక స్వెట్టర్ బ్యాగులో వేసుకున్నాను. అడిగితే ఉపన్యాసంతో సహా అమ్మ కొనిపెట్టేదే. తలుపు దగ్గర సెక్యూరిటీ ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. నేను తోసేశాను. బయటి నుంచి అందరి బూట్లతో వచ్చిన మంచు కరిగి నేలంతా తడి. ఆవిడ జారి పడింది, మణికట్టు విరిగింది. ఆవిడకి మా అమ్మ వయసుంటుంది. ఒట్టి దొంగతనమైతే వేరు, మనిషిని తోసి పారిపోబోతే చట్టానికి అది వేరే నేరం. పోలీసులు నన్ను ఇంటికి కాకుండా మైనర్లని ఉంచే డిటెన్షన్ సెంటర్‌కి తీసుకెళ్ళారు.

అక్కడ చేరిన ప్రతి పిల్లనీ ముందు నర్సు చూస్తుంది. గదిలోకి అడుగు పెట్టగానే కుర్చీకి వేలాడుతున్న కోటు వాసన తగిలింది. తలెత్తితే సలోమి ఆంటీ. భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండనిపించింది. ఆమె మాత్రం నేనెవరో తెలియనట్టే నాలుక చూసింది, బీపీ చూసింది, ప్రశ్నలన్నీ ఇంగ్లీషులోనే అడిగింది. పక్కనున్న ఆఫీసర్ ఫోన్ వచ్చి అటు తిరిగినప్పుడు మెల్లిగా తెలుగులో "ఏమైనా తిన్నావా?" అంది.

లేదన్నాను.

"తిను. ఏడుపు తిన్నాక కూడా వస్తుంది."

"ఆంటీ, చర్చిలో..."

"నేనిక్కడ మనుషుల్ని చూడనమ్మా, బీపీలు చూస్తాను. లే."

మర్నాడు జడ్జి ముందు హాజరుపరిచారు. విచారణ ముగిసేదాకా నన్ను ఇంటికి పంపాలా, అక్కడే ఉంచాలా అన్నదే ఆ రోజు తేలాల్సింది. జడ్జి నాన్నని అడిగాడు: అమ్మాయిని ఇంట్లో కనిపెట్టుకుని ఉండగలరా? నాన్న లేచి చేతులు కట్టుకున్నాడు. నాన్నని బళ్ళో వేసిన రోజు మా తాతయ్య మాస్టారితో "కళ్ళు రెండూ వదిలేసి ఒళ్ళంతా మీ ఇష్టం" అన్నాడట. మనలో మర్యాద అదే. పెద్దమనిషి ముందు మన పిల్లని మనమే తిట్టుకోవాలి, అప్పుడా పెద్దమనిషి కరిగి "పోనీలెండి, చిన్నపిల్ల, తీసుకెళ్ళండి" అనాలి. నాన్న తన వంతు మాటలు తను అన్నాడు. "అయ్యా, ఇది మా మాట వినదు. మా వల్ల కావటం లేదు. మీరు తండ్రిలాంటివారు, మీరే శిక్షించి దారిలో పెట్టండి." కోర్టు మాకిచ్చిన లాయరమ్మ నాన్న చెయ్యి పట్టుకుని లాగింది. జడ్జి మళ్ళీ అడిగాడు, నిజంగానే మీ వల్ల కాదా అని. జడ్జి మెత్తబడుతున్నాడనుకుని నాన్న ఇంకా గట్టిగా అన్నాడు. జడ్జి వంతు మాట జడ్జికి ఎవరూ నేర్పలేదు పాపం. తర్వాతి విచారణ దాకా నన్ను లోపలే ఉంచమన్నాడు.

నాన్న నా వైపు తిరిగి "అదేంటే, ఇంటికి పంపరా?" అని నన్నే అడిగాడు. ఆ మొహం నేను చూడలేకపోయాను.

ఆ రాత్రి మాత్ర ఇవ్వడానికి వచ్చిన ఆంటీకి జరిగింది చెప్పాను. మాత్ర మింగించి వెళ్ళిపోయింది. తర్వాత మా ఇంట్లో జరిగింది అమ్మ చాలా కాలానికి చెప్పింది. ఆంటీ మా వంటగదిలోకి వచ్చి, కోటు కూడా విప్పకుండా నిలబడిందట. "నేనిలా వచ్చానని తెలిస్తే నా ఉద్యోగం పోతుంది. అయినా వచ్చాను. బ్రదర్, జడ్జి ముందు అలా ఎందుకన్నారు?"

"వినయంగానే మాట్లాడాను కదా సిస్టర్."

"మీ వినయం వాళ్ళకి అర్థం కాదు. కన్నతండ్రే వద్దన్నాడని రాసుకున్నారు. ఈసారి పిల్ల గురించి మంచి చెప్పండి."

"దొంగతనం చేసినదాని గురించి మంచేం చెప్తాం? మామూలుగానే పిల్లల్ని పొగిడితే ఆయుక్షీణం అంటారు."

"ఇక్కడ పొగడకపోతే పిల్లే మిగలదు బ్రదర్." ఆ తర్వాత ఆంటీ కుర్చీ లాక్కుని కూర్చుని అందట: "మా జోయెల్ బోర్డింగ్ స్కూల్లో చదవలేదు. అప్పుడు మేం ఒహాయోలో ఉండేవాళ్ళం. ఎవరో కుర్రాళ్ళతో కలిసి దొంగ కారులో దొరికాడు. నేనూ మీలాగే అన్నాను. తండ్రి లేని పిల్లాడు, నా మాట వినట్లేదు, మీరే బాగుచెయ్యండి అన్నాను. ఏడాది పైనే ఉంచేశారు. ఈ రోజుకీ ఫోన్ ఎత్తితే 'చెప్పు' అంటాడు, 'అమ్మా' అనడు. వాడు లోపలున్నప్పుడు జ్వరమొస్తే చెయ్యేసి చూసింది ఎవరో నాకు తెలియదు. అందుకే ఈ ఉద్యోగంలో చేరాను."

మా చర్చిలో ఎవరికీ తెలియని సంగతి అది. ఆంటీ దాన్ని మా వంటగదిలో, నా కోసం, బయటపెట్టింది. ఆ తర్వాత నాన్న చేత నా గురించి మంచి మాట ఒకటి చెప్పించడానికి గంటల తరబడి పట్టిందట. "చదువులో పర్వాలేదు" అంటే "అది మంచి కాదు, ఇంకోటి చెప్పండి" అనేదట ఆంటీ.

రెండో విచారణలో నాన్న చేతులు కట్టుకోలేదు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బల్ల అంచు పట్టుకున్నాడు. "మా అమ్మ ఒక చలికాలం మా దగ్గరుంది. ఇక్కడి బాత్రూమ్ కుళాయిలు తిప్పడం ఆవిడకి రాలేదు. ఈ పిల్ల రోజూ స్కూలుకి వెళ్ళే ముందు నీళ్ళు సరిచేసి, ముసలావిడ జారి పడుతుందేమోనని తలుపు బయట కూర్చునేది. నేను చూసేవాణ్ణి. బాగుందని ఒక్కసారీ అనలేదు. మా పిల్లని మాకివ్వండి, మేం చూసుకుంటాం." మా నాన్న నా గురించి అలా మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు, తర్వాతా వినలేదు. సంతోషించాల్సింది. కానీ నానమ్మ జారి పడకూడదని కాపలా కూర్చున్నదాన్నీ, ఒకావిణ్ణి తడి నేల మీదకి తోసినదాన్నీ నేనే కదా అనిపించి, పట్టుబడ్డ రోజున కూడా లేనంత సిగ్గు ఆ నిమిషంలో ముంచేసింది. తల ఎత్తలేదు.

నన్ను ఇంటికి పంపారు. ప్రొబేషన్ ఆఫీసరు నిఘా, చీకటి పడ్డాక గడప దాటకూడదన్న కర్ఫ్యూ, లైబ్రరీలో పుస్తకాలు సర్దే సేవ, అన్నీ గడిచాయి. పెద్దయ్యాక కోర్టు ఆ ఫైలు మూసేసింది. చిన్నప్పటి తప్పు బతుకంతా వెంట రాకూడదని చట్టం ఉద్దేశం. ఇప్పుడు నా పేరు వెతికితే ఎవరికీ ఏమీ దొరకదు.

మేం మాత్రం ఆంటీని దూరం పెట్టాం. ఆ వారాల్లో నేనెక్కడని చర్చిలో ఎవరో అడిగితే "జ్వరం, నేనే వెళ్ళి చూసొచ్చాను" అని అబద్ధమాడి మమ్మల్ని కాపాడిన మనిషి ఆమె. ఒక్క ముక్క బయటికి పొక్కనివ్వలేదు. అయినా ఆదివారం ఆమె ఎదురైతే నాన్న కళ్ళు దించుకునేవాడు. "ఆవిణ్ణి చూస్తే అదే గుర్తొస్తోంది" అనేది అమ్మ. నేను ఆమె వరసలో కూర్చోవడం మానేశాను. ఏడాది తిరక్కుండా ట్రాయ్‌లో ఇంకో తెలుగు చర్చికి మారిపోయాం, నోవై నుంచి అంత దూరం డ్రైవ్ చేసుకుంటూ. ఏరు దాటి తెప్ప తగలెయ్యడమంటే ఇదే. ఎందుకు మారారని ఆంటీ ఫోన్ కూడా చెయ్యలేదు. ఆమెకి తెలియకేం?

తర్వాత ఒక్కసారే చూశాను. నా పెళ్ళైన కొత్త, ఇండియన్ స్టోర్‌లో. చిక్కిపోయింది, అదే కోటు. నన్ను చూడగానే మొహం వెలిగింది, అడుగు ముందుకేసింది. అంతలో నా పక్కనున్న వినయ్‌ని చూసి ఆగింది. ఈ అబ్బాయికి నేనెవరని చెప్తావమ్మా అని ఆమె కళ్ళతోనే అడిగినట్టు నాకు తెలిసింది. నేను చూపు తిప్పుకున్నాను. ఆమె కార్ట్ పక్కకి తిప్పుకుని దొండకాయలు ఏరుకోవడం మొదలుపెట్టింది, నాకు ఇబ్బంది లేకుండా. ఒక్క పిలుపు చాలు. మా ఆంటీ అని ఒక్క మాట చాలు, మిగతాది చెప్పక్కర్లేదు కూడా.

"నీకు తెలిసినావిడా? నిన్నే చూసింది" అన్నాడు వినయ్.

"తెలీదు" అన్నాను.

ఆమె చెవిన పడేంత దగ్గరలోనే ఉన్నాం. ఆంటీ చెయ్యి దొండకాయల మీద ఒక్క క్షణం ఆగి, మళ్ళీ ఏరడం మొదలుపెట్టింది. ఆ వేసవి దాటకుండానే ఆమె పోయిందని అమ్మ ఫోన్‌లో చెప్పింది. కోర్టు నా మీద రాసుకున్నదంతా ఎప్పుడో కొట్టేసింది. నేను అన్న ఆ ఒక్క మాటని కొట్టెయ్యగలిగిన మనిషి ఇప్పుడు లేదు, వినయ్‌కి నేనింకా చెప్పనూ లేదు.