జబ్బు రానివాళ్ళ ఇళ్ళకి వెళ్ళిన దాలయ్య

గోపాల్‌పూర్ జాలరిపేటలో దాలయ్య సర్కారు హెల్త్ వర్కర్. జ్వరమన్నవాళ్ళ వేలు గుచ్చి గాజుపలక మీద రక్తం చుక్క తీసుకోవడం, నూతుల్లో బ్లీచింగ్ పౌడరు చల్లడం అతని పని. అతను వీధి మొదట్లో కనిపిస్తే చాలు, పిల్లలు వేళ్ళు ముడుచుకుని చంకల్లో దాచుకునేవారు. తొంభైల చివర్లో, నలభై దాటిన ఆ వయసులో, రోగం ఎక్కడ పుట్టిందో ఆరా తీసే విద్య నేర్చుకోమని పైవాళ్ళు అతన్ని బరంపురం పొమ్మన్నారు.

"రోగమేటో డాక్టరుబాబు సెప్తాడు, మందు కాంపౌండరిస్తాడు. మద్దిన నాను నేర్సుకోడానికేటుంది?" అని భార్య సీతాలు దగ్గర సణిగి మరీ బస్సెక్కాడు.

పాఠం చెప్పింది ఒక ఒడియా డాక్టరమ్మ. భోజనాలయ్యాక దాలయ్యకి హాయిగా కునుకు పట్టింది. సరిగ్గా అప్పుడే ఆవిడ అతన్ని లేపి, "ఒక ఊళ్ళో అందరికీ వాంతులు, విరేచనాలు. ముందు ఎవరింటికి వెళ్తావు?" అని ఒడియాలో అడిగింది.

"జబ్బు రానివాళ్ళింటికి, మేడమ్" అన్నాడు దాలయ్య. అక్కడైతే అంటుకోదని అతని ఉద్దేశం.

క్లాసంతా గొల్లుమంది. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. "నువ్వు ఎందుకన్నావో గాని, మంచి మాటే అన్నావు. జబ్బుపడ్డవాళ్ళు ఏం తిన్నారని అందరూ అడుగుతారు. పడనివాళ్ళు ఏం తినలేదో ఎవరూ అడగరు. రెండూ పక్కపక్కన పెడితేనే దొంగ దొరుకుతాడు" అంది. ఆ పొగడ్తకి దాలయ్య నిద్ర వదిలిపోయింది. మిగతా పాఠమంతా కళ్ళు విప్పుకునే విన్నాడు.

ఆ వేసవిలోనే సీతాలు పినతండ్రి కూతురి పెళ్ళయింది. చేపల వ్యాపారి కాశయ్య, అంటే సీతాలు తండ్రి, దగ్గరుండి అన్నీ జరిపించాడు. మర్నాడు తెల్లారేసరికి సగం పేట చెంబులు పట్టుకుని సరుగుడు తోటల్లోకి పరుగు. ఆ పరుగులో దాలయ్య కూడా ఉన్నాడు.

ఆస్పత్రి డాక్టరు జీపులో వచ్చి సెలైన్లు పెట్టించాడు, ఓఆర్ఎస్ పొట్లాలు పంచాడు. ప్రాణాలకేమీ భయం లేదన్నాడు. అది విన్నాక పేటకి తిట్టడానికి ఓపిక వచ్చింది. "రొయ్యల కూరలో ఏటో కలిపీసింది!" అని పెళ్ళివంట చేసిన దానమ్మ మీద పడ్డారు. అందరికంటే కాశయ్య గొంతే పెద్దది. దానమ్మ తలుపేసుకుని లోపల ఏడుస్తూ కూర్చుంది.

దాలయ్యకి డాక్టరమ్మ మాట గుర్తొచ్చింది. కడుపు చేతబట్టుకుని జబ్బు రానివాళ్ళ ఇళ్ళకి బయల్దేరాడు. ముందుగా ముసలి ముత్యాలమ్మ గుమ్మం.

"పెద్దమ్మా, పేటంతా బేదులొచ్చాయి. నీకెందుకు రానేదు?"

"నీ నోట్లో మన్నడ! నాకు రానేదని ఏడుస్తున్నావేట్రా?"

"కాదే. రొయ్యల కూర తిన్నావా?"

"రెండోపాలి కూడా ఏయించుకున్నాను. దానమ్మ కూర ఒదుల్తానా?"

"పెల్లిలో పోసిన సర్బత్తు?"

"ఐసేసిందా? ఉన్న రెండు పళ్ళూ జివ్వుమని లాగుతాయి. ముట్టనేదు."

దాలయ్యకి ఏదో తట్టింది. దగ్గున్న ముసలాయన్ని అడిగాడు, బాలింతని అడిగాడు. అందరూ కూర తిన్నవాళ్ళే, చల్లటి సర్బత్తు జోలికి పోనివాళ్ళే. ఒకాయన మాత్రం "బాగున్నోల్లకి దిష్టి పెడతావేటి?" అని తెడ్డు పట్టుకుని వెంటపడ్డాడు. ఆ పరుగులో దాలయ్య మళ్ళీ సరుగుడు తోటలోకే వెళ్ళవలసి వచ్చింది.

చివరికి దర్జీ నీలకంఠం దగ్గరికి చేరాడు. శివుడి ఉపవాసమని పెళ్ళిరోజు అతను నీచు ముట్టలేదు. అయినా మంచానికి అతుక్కుపోయి ఉన్నాడు.

"కూర వాసనైనా సూడనేదు బావా. సర్బత్తుతోనే కడుపు నింపుకున్నాను" అని మూలిగాడు.

ఇక తేలాల్సింది ఒక్కటే, ఆ ఐసు ఎక్కడిదని. అదీ అతను కళ్ళారా చూసిందే. చేపల పెట్టెల్లో వేసే ఐసుని తన మామే బళ్ళమీద తెప్పించి, సర్బత్తులో వేయించి, "తాగండి, తాగండి" అని పోయించాడు. దాలయ్య డాక్టర్ని వెంటబెట్టుకుని కాశయ్య వాకిట్లో నిలబడి సంగతి చెప్పాడు.

కాశయ్య అగ్గైపోయాడు. "ఇన్నేల్లుగా ఆ ఐసులో సేపలు తొంగుంటన్నాయి. ఒక్క సేపకైనా బేదులొచ్చాయేట్రా?"

"సచ్చిన సేపకేటొస్తాది మావా?"

పేటంతా పడీపడీ నవ్వింది. సెలైను పెట్టించుకుంటున్నవాళ్ళు కూడా పొట్ట పట్టుకుని నవ్వారు. పెట్టెల్లో మిగిలిన ఐసు డాక్టరు పరీక్షకి పంపిస్తే, తాగడానికి పనికిరాని నీళ్ళతో చేసిందని తేలింది.

ఆ సాయంత్రం దాలయ్యే వెళ్ళి దానమ్మ తలుపు కొట్టాడు. "నీ కూర మంచిదే అప్పా" అన్నాడు. ఆవిడ తలుపు తీసి, ఏడుపూ నవ్వూ కలిపి, "మరి నువ్వు తిన్నావా?" అంది.

"తిన్నాను గానీ, ఉంచుకోనేకపోనాను."

ఇంట్లో సీతాలు, "నాకు పుట్టిల్లు నేకుండా సేసీసినావు" అని కంచం ముందు పడేసి వెళ్ళింది. కాశయ్య వానలు వెళ్ళేదాకా ఆ గుమ్మం తొక్కలేదు. దసరాకి వచ్చి, అరుగు మీద కూర్చుని, అల్లుడి వంక చూడకుండా కూతురితో అన్నాడు.

"మీ ఆయన్నడుగు, ఇవి కాసిన నీల్లేనా?"

"కాసినవే మావా, తాగు" అని దాలయ్యే గ్లాసు అందించాడు.

కాశయ్య తాగి మూతి తుడుచుకుని, "సప్పగున్నాయి" అన్నాడు.