రౌండానాకు కుడిపక్కన

ఏళ్లుగా ఒక ఎద్దు మూలుగు గుండెలో మోస్తున్నాను. నిన్న సగం దించుకున్నాను. మిగతా సగం మీ ముందు దించుతాను. మీరెవరో నాకు తెలియదు. అదే మంచిదేమో.

యుద్ధకాలంలో నేను తళవాయిపురం నుంచి రాజపాళయానికి బస్సు నడిపేవాణ్ణి. పెట్రోలు దొరక్క బొగ్గు గ్యాసుతో నడిపే బండి. వేగం తగ్గితే చాలు, ఇంజను ఆగిపోయేది. మళ్లీ కదిలించేసరికి జనం తిట్టిపోసేవారు. రాజపాళయంలో దారులు కలిసేచోట మధ్యలో గుండ్రటి తిన్నె కట్టారు. రౌండానా అనేవాళ్లం. కుడిదారి పట్టాలంటే ఎడమపక్కగా దాన్ని చుట్టి రావాలి. నాకు తెలియక కాదు.

ఆ సాయంత్రం చుట్టలేదు. బండి ఎక్కడ ఆగుతుందోనని కుడిపక్క నుంచే అడ్డంగా తిప్పేశాను. పద్ధతిగా చుట్టుకుని వస్తున్న ఎద్దుబండి ఎదురైంది. బ్రేకు తొక్కాను. చాలలేదు. ఎద్దు ముందుకాలు విరిగింది.

బండివాడు సేత్తూరు గురుసామి. పత్తి మూటలు రోడ్డంతా పడ్డాయి. వాటివైపు చూడనైనా చూడలేదు. మూలుగుతున్న ఎద్దు తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పోలీసు వచ్చి తప్పెవరిదని అడిగాడు.

"అన్నా, నేను ఒళుంగా, పద్ధతిగా చుట్టుకోనే వచ్చినా గదా. నువ్వు చూసినావే, చెప్పన్నా," అన్నాడు గురుసామి. నన్నే సాక్ష్యం అడిగాడు.

"లేదు. నువ్వే అడ్డంగా వచ్చినావు," అన్నాను.

అంతే. బస్సు డ్రైవరు మాట ముందు బండివాడి మాట ఎవరు వింటారు? ఎద్దు బతకలేదు. ఒంటి ఎద్దుతో బండి కట్టలేక అతను కూలికి పోతున్నాడని తర్వాత విన్నాను. అప్పుడైనా చెప్పొచ్చు కదా? ఉద్యోగం పోతుందన్న భయమని నాకు నేను చెప్పుకున్నాను గానీ, ఉద్యోగం మానేశాక కూడా నోరు విప్పలేదంటే అది భయం కాదు, జాగ్రత్త గల డ్రైవరని ఊళ్లో వచ్చిన పేరు వదులుకోలేకపోవడం. ఆ తర్వాత ఇంజను ఆగినా సరే, ప్రతిసారీ రౌండానా పూర్తిగా చుట్టేవాణ్ణి. దానివల్ల గురుసామికి ఒరిగిందేమిటి?

నిన్న సేత్తూరు వెళ్లాను. గురుసామి పోయాడట. అతని భార్య వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తోంది. తప్పు నాదేనని, ఆ రోజు అబద్ధమాడానని చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి. మిరపకాయలు అలాగే వదిలేసి లోపలికి వెళ్లిపోయింది. కాసేపు ఎండలో నిలబడి వచ్చేశాను.

క్షమించమని అడగలేదు. అడిగే ముఖం లేదు. అయినా తిరుగు బస్సులో, ఎవరో కుర్ర డ్రైవరు నడుపుతుంటే, కిటికీకి తల ఆన్చి రాజపాళయం వచ్చేదాకా హాయిగా నిద్రపోయాను.