బొరియలో దొరికింది జిలానీదే

ప్రొద్దుటూరులో ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. నన్ను చూస్తే పిల్లలు వణికేవారు. మా వెనక గదిలో చేరిన పందికొక్కు మాత్రం వణకలేదు. గోడ కింద బొరియ తవ్వి, నా పెద్ద డిక్షనరీని అట్టతో మొదలుపెట్టి ముందు పేజీలన్నీ లోపలికి లాక్కుపోయింది. ఒళ్లు మండి జిలానీకి కబురు పెట్టాను.

పందికొక్కులు పట్టడం జిలానీ పని. ముద్దనూరు నుంచి జమ్మలమడుగు దాకా శనగల గోడౌన్లకు అతనే దిక్కు. ఒక బొరియలోకి కుండతో గడ్డి పొగ ఊది, ఇంకోదానికి గోనెసంచి మూతి బిగిస్తాడు. మిగతావి ముందే మట్టితో పూడ్చేస్తాడు. పందికొక్కు పడ్డాక లోపల తవ్వితే దొరికే గింజలు అతనివే. ఇంటివాళ్లు అడగకూడదు.

ఎప్పుడూ గలగలా మాట్లాడేవాడు ఆ రోజు వచ్చీ రాగానే తల వంచుకుని బొరియలు పూడ్చడంలో పడ్డాడు.

“ఏందప్పా, మూతి ముడుచుకున్యావు?” అన్నాను.

“మా ఫాయిజా నర్సింగు కాలేజీలో చేరతాంది సార్. అప్లికేషన్లో తండ్రి పని ఏందని అడిగినారు. కూలీ అని రాస్తానంటాది. ఉన్నది రాస్తే ఆడుండే పిల్లోల్లు నగుతారంట. ఇరవై ఏండ్లుగా చేస్తాండా. ఇదేమన్నా దొంగతనమా సార్?”

నన్నడిగినా ‘కూలీ’ అనే రాయమనేవాణ్ణి. అతని కుండలోకి ఇంకాస్త గడ్డి అందించాను.

పందికొక్కు సంచిలో పడింది. తవ్వితే గుప్పెడు శనగలు, అంచులు కొరికేసిన నా పేజీలు బయటపడ్డాయి. చెయ్యి చాపాను.

“బొక్కలో దొరికింది మాదే సార్. అది పద్ధతి.”

“కాగితాలు నువ్వేం చేసుకుంటావయ్యా?”

“ఫాయిజా సదువుకుంటాది.”

గొణుక్కుంటూ వదిలేశాను.

నాలుగు రోజులకు తండ్రీకూతుళ్లు అప్లికేషన్ పట్టుకుని వచ్చారు.

“ఏం రాసిందో సదివి చెప్పు సార్. అడిగితే చెప్పకుండా నగుతాంది” అన్నాడు జిలానీ. ‘కూలీ’ అనే రాసిందేమోనని అతని భయం.

చదివాను. “తండ్రి వృత్తి, బ్యాండికూట్ క్యాచర్. అంటే పందికొక్కులు పట్టేవాడు.”

జిలానీ కూతురి వైపు తిరిగాడు. “నగుతారంటివి కదమ్మా?”

ఫాయిజా సంచిలోంచి కొరికిన పేజీ తీసింది. “ఇంగ్లీషు బ్యాండికూట్ మన పందికొక్కు నుంచే పుట్టిందంట సార్. తర్వాత ఆస్ట్రేలియాలో ఇంకో జంతువుకూ అదే పేరు పెట్టుకున్యారంట. దొరలకు తెలీక ఈడ ఎవర్నో అడిగింటారు. ఎవర్ని అడుగుతారు? మా అబ్బా లాగా దాన్ని పట్టేటోల్లనే కదా!”

ముప్పై ఏళ్లు ఆ డిక్షనరీ తిప్పాను. ఆ మాట దగ్గర ఒక్కనాడూ ఆగలేదు. నిజంగా సిగ్గేసింది.

“ఇంకోసారి సదువు సార్” అన్నాడు జిలానీ, కళ్లు తుడుచుకుంటూ.

ఈసారి పక్కింటికి వినబడేలా చదివాను.