పేర్లు రాసుకునే జోసెఫ్

ఫిజీ దీవుల్లో పుట్టిన జోసెఫ్ నాయుడికి ఇరవై ఏళ్లు. మోర్మన్ అనే క్రైస్తవ శాఖ తరఫున మతసేవ కోసం 2004లో కోల్‌కతా వచ్చాడు. రోజూ భవానీపూర్ గదిలో ప్రార్థన, చదువు ముగించుకుని, తెల్లచొక్కా తొడుక్కుని, తోటి సేవకుడు పీటర్‌తో బస్సెక్కేవాడు. వాట్‌గంజ్‌లో, వలస వచ్చిన తెలుగువాళ్లుండే వీధిలో రేవు కూలీలను పలకరించి, వాళ్ల పేర్లు చిన్న పుస్తకంలో రాసుకునేవాడు.

ఆ వీధిలో ఉండే తవిటమ్మ వారం రోజులు అతన్ని గమనించి, ఒకనాడు పిలిచి టీ ఇచ్చింది. అతను మర్యాదగా వద్దన్నాడు.

"ఏటి, మా సేతి టీ పనికిరాదేటి?"

"మా మతంలో తాగకూడదమ్మా," అన్నాడు, ముత్తవ్వ నేర్పిన తెలుగులో.

ఆమె అనుమానం ఇంకా పెరిగింది. ఓడలో పని ఇప్పిస్తానని ఇలాగే తెలుగు మాట్లాడుతూ వచ్చిన ఏజెంటు వెంట వెళ్లిన ఆమె తమ్ముడు తిరిగి రాలేదు.

"మరి పేర్లెందుకు రాసుకుంతన్నావు?"

"మళ్లీ వస్తే పేరుపెట్టి పిలుద్దామని."

"మా తమ్ముడి పేరు కూడా ఆ ఏజెంటు రాసుకున్నాడు బాబూ!"

జోసెఫ్ జేబులోంచి పుస్తకం తీశాడు. ఆ వీధివాళ్ల పేర్లున్న కాగితం చించి ఆమె చేతికిచ్చాడు. చదవడం రాకపోయినా ఆమె దాన్ని కొంగున ముడివేసుకుంది.

"ఇంకోచోట రాసుకోలేదని ఏటి నమ్మకం?" అంది.

తర్వాత కోల్‌కతాలో ఉన్న ఏడు నెలలూ జోసెఫ్ ఆ వీధికి పుస్తకం లేకుండానే వెళ్లాడు. తవిటమ్మ గడప బయటే మంచినీళ్లిచ్చేది. లోపలికి రమ్మని మాత్రం ఒక్కసారీ అనలేదు.