పొట్లకాయ ఆనవాయితీ

గోదావరి నీళ్ళు దోసిట్లోకి తీసుకుని ప్రమాణం చేసి మరీ రాస్తున్నాను: ఇందులో ప్రతి మాటా నిజం. మా పినపాక వైపు నా మాటకున్న పరపతి తెలిసినవాళ్ళు ఇక్కడే చదవడం ఆపేస్తారు. మణుగూరు బస్సులో ఎలుగుబంటి నా పక్క సీట్లో కూర్చుని టికెట్ తీసుకుందని ఒకసారి చెప్పాను. అదీ నిజమే. కాకపోతే టికెట్ నేను తీశాను.

నేను పుట్టింది కల్లూరు దగ్గర. పెళ్ళయ్యాక అత్తవారింటికి వచ్చాను. అది ఆడవాళ్ళు చేసే పని కదా అంటారేమో, నాది ఇల్లరికం. మా మామగారికి మిరపచేను ఉంది, ఒక్కగానొక్క కూతురు ఉంది, ఇంటిపేరు తనతోనే పోతుందన్న దిగులు ఉంది. మూడూ నాకు అప్పగించారు. నా ఇంటిపేరు వదిలేసి ఆయనది పెట్టుకున్నాను. ఆధార్ కార్డు మీదా అదే, పాసుపుస్తకం మీదా అదే. పాతికేళ్ళు దాటాయి. పాత పేరేమిటని అడిగినవాళ్ళు లేరు.

పాత ఇంటి నుంచి నాతో వచ్చింది ఒక్కటే. మా పాత ఇంటిపేరు గలవాళ్ళెవరూ పొట్లకాయ తినరు. ఎందుకు తినరో ఎవరికీ తెలియదు. ఆనవాయితీ లేదు, అంతే. మా తాతయితే పొట్లపాదు ఉన్న పెరట్లో మంచినీళ్ళు కూడా ముట్టేవాడు కాదు. మా అత్తవారింట్లో మాత్రం వానాకాలమంతా అదే కూర. నాకు విడిగా పప్పు.

పోయిన ఏడు మా అబ్బాయి ఒక అమ్మాయిని చూసుకున్నాడు. ఇద్దరూ కొత్తగూడెంలో ఒకే బ్యాంకులో పని చేస్తారు. అమ్మాయి బయోడేటా నాకు వాట్సాప్‌లో పంపాడు. ఊరు కల్లూరు. ఇంటిపేరు, నా పాత ఇంటిపేరు.

మా వాళ్ళలో ఒకే ఇంటిపేరు అంటే, చుట్టరికం లెక్కకు అందకపోయినా, అన్నాచెల్లెళ్ళే. కాగితాల ప్రకారం మావాడు వేరే ఇంటివాడు. నెత్తురు ప్రకారం ఆ పిల్లకు అన్న. ఆ పిల్ల కాకపోతే తనకు పెళ్ళే వద్దని వాళ్ళమ్మతో చెప్పేశాడు. వాడు నాలాంటివాడు కాదు. అన్నాడంటే చేస్తాడు.

పక్క కోయగూడెంలో నాకో నేస్తం ఉన్నాడు. సారపాక కాగితం మిల్లులో ఉద్యోగం. వాణ్ణి సలహా అడిగాను.

"మాకు ఇంటిపేరు ఒక్కదానితోటి తెగదు," అన్నాడు. "గట్టు చూస్తం. ఒక్క గట్టుల ఎన్ని ఇంటిపేర్లున్నా అందరు అన్నదమ్ములే. పిల్లను వేరే గట్టుకెల్లి తెచ్చుకుంటం. నీ కొడుకుది ఏ గట్టో చెప్పు, అయితదో కాదో చెప్త."

"అదే సమజైతలేదురా."

"ఐతే ముందుగాల నీది ఏ గట్టో తేల్చుకో. వచ్చి పాతికేండ్లాయె, గింత దాంక ఏం జేసినవ్?"

ఇంటికొచ్చి, అమ్మాయి తరఫువాళ్ళకు ఉన్న సంగతి చెప్పేద్దామని మా ఆవిడతో అన్నాను.

"నువ్వు నిజం చెప్తే ఎవలు నమ్ముతరు?" అంది. "ఊకో. వాళ్ళు ఇల్లు చూడ వచ్చిననాడు పొట్లకాయ వండుత. వాళ్ళ ముంగట నువ్వు తిను. ఇగ ఎవలకూ అనుమానం రాదు."

మా ఇంట్లో తెలివి ఎవరి దగ్గర ఉందో ఊరందరికీ తెలుసు కాబట్టి సరేనన్నాను.

ఐదుగురు వచ్చారు. అందరిలోకీ పెద్దావిడ అమ్మాయి నాయనమ్మ. విస్తళ్ళు వేశాం. నువ్వులపొడి వేసిన పొట్లకాయ కూర రాగానే ఐదు చేతులు ఒక్కసారి విస్తళ్ళకు అడ్డం పడ్డాయి.

"మాకు పొట్లకాయ ఆనవాయితీ లేదమ్మా," అంది నాయనమ్మ.

"అయ్యో, తెల్వకపాయె పెద్దమ్మా," అంది మా ఆవిడ. మా ఇంట్లో అబద్ధాలాడేది నేనొక్కడినే అనుకుంటారు. "మా ఆయనకైతే ఇదంటే పాణం."

నా విస్తట్లో ఇద్దరికి సరిపడా పడింది. మా అబ్బాయి నా వైపు చూశాడు. వాడికి ఊహ తెలిశాక నేను పొట్లకాయ తినగా చూడలేదు. ముద్ద కలిపాను, తిన్నాను. ఇన్నేళ్ళూ ఏం పోగొట్టుకున్నానో అప్పుడు తెలిసింది. మెత్తగా ఉంది, కమ్మగా ఉంది, చివర కాస్త చేదు. మారు అడిగి వేయించుకున్నాను.

నాయనమ్మ తినడం ఆపి నన్నే చూస్తోంది.

"ఏం అబ్బాయ్, నీ పుట్టిల్లు ఎక్కడ?"

మగవాణ్ణి ఎవరైనా పుట్టిల్లు అడగడం అదే మొదటిసారి వినడం. ఇదేనండి అనబోయాను. గోడ మీద మా మామగారు దండలోంచి చూస్తున్నారు. కల్లూరు పక్కనేనండి అన్నాను. ఇంటిపేరు కూడా చెప్పేశాను. అమ్మాయి తండ్రి లేవబోయాడు.

"కూర్చోరా. తినేటప్పుడు మధ్యలో లేస్తావేంటి?" అంది నాయనమ్మ. "మీ ఇంటికి కోడలిగా రాకముందు నేను వారానికి రెండుసార్లు పొట్లకాయ తిన్నదాన్నే. ఇల్లు మారాను, ఇంటిపేరు మారింది, గోత్రం మారింది, కూర మారింది. ఎవరన్నా అదేంటని అడిగారా? ఈ అబ్బాయీ అట్టా ఇల్లు మారినోడే. అంటే మన ఆడపిల్ల కింద లెక్క. ఆడపిల్ల కొడుక్కి మన పిల్లనిస్తే మేనరికం అవుద్ది. అంతకంటే మంచి సంబంధం ఎక్కడ తెస్తావు?"

"మీసాలున్న ఆడపడుచేంటమ్మా?"

"ఉంటే ఉన్నాయిలే. మీ మేనత్తకు లేవా?"

ఆయన మళ్ళీ కూర్చుని పప్పు వేయించుకున్నాడు. మాఘంలో పెళ్ళయింది. అప్పగింతలప్పుడు నాయనమ్మ నన్ను పిలిచి, బొట్టు పెట్టి, చేతిలో ఆకుపచ్చ జాకెట్టు గుడ్డ పెట్టింది. పుట్టింటివాళ్ళు ఆడపిల్లకు పెట్టేది. బీరువాలో దాచాను. అనుమానం ఉన్నవాళ్ళు వచ్చి చూసుకోవచ్చు.

గోదావరి నీళ్ళ మీద ప్రమాణం చేశాను కాబట్టి ఒకటి ఒప్పుకోవాలి. పొట్లకాయ నేను తినలేదు. ముద్ద నోటిదాకా వెళ్ళి అక్కడే ఆగిపోయింది. కొడుకు పెళ్ళి దాని మీదే ఉందని తెలుసు, వాడు నన్నే చూస్తున్నాడనీ తెలుసు, అయినా చేయి ముందుకు రాలేదు. నాయనమ్మ పుట్టిల్లు అడిగింది ఆ చేతిని చూసే. రుచి గురించి రాసిందంతా మా ఆవిడను అడిగి తెలుసుకున్నది. చివర కాస్త చేదు అన్నది మాత్రం నా సొంతం. అది చదివి ఆమె రెండు రోజులు నాతో మాట్లాడలేదు.